మన పెద్దల చివరి కోరిక: అడగడం, రాసిపెట్టడం, నెరవేర్చడం ఎలా?

పల్లెలో ఒక ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే తర్వాతి రెండు మూడు గంటల్లోనే నిర్ణయాలన్నీ జరిగిపోతాయి. దహనమా, ఖననమా? ఎక్కడ? తలకొరివి ఎవరు పెట్టాలి? దూరాన ఉన్న కొడుకు కోసం ఆగాలా, వద్దా? ఏడుస్తున్న ఇంటివాళ్ళ చేతుల్లో ఈ నిర్ణయాలు ఉండవు. పాలివాళ్ళు, కులపెద్దలు, మేనమామలు తలా ఒక మాట చెబుతారు. గట్టిగా మాట్లాడినవారి మాట నెగ్గుతుంది. వాళ్ళెవరూ చెడు తలపెట్టరు. కానీ పోయిన మనిషి ఏమి కోరుకున్నారో అక్కడ ఎవరికీ తెలియదు, బతికి ఉండగా ఎవరూ అడగలేదు కాబట్టి.

మీ ఇంట్లో అలా జరగకుండా ఏమి చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. హిందువుల ఇళ్ళను ఎక్కువగా దృష్టిలో పెట్టుకుని రాసినా, ముస్లిం, క్రైస్తవ, లింగాయత కుటుంబాలకు వేరుగా ఉండే సంగతులను అక్కడక్కడా చెప్పాను.

ముందు అడగండి

చావు మాట ఎత్తడం అశుభమని మనలో చాలామందికి భయం. నిజానికి పెద్దవాళ్ళకు ఆ భయం మనకన్నా తక్కువ. డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో ఎంతోమంది తమకు కట్టవలసిన చీరను పెట్టెలో విడిగా దాచుకుని ఉంటారు. ఎవరూ అడగలేదు గనుక చెప్పరు, అంతే.

ఎప్పుడు అడగాలన్నదే ముఖ్యం. మంచం పట్టాక అడగవద్దు. ఆ స్థితిలో అడిగితే తమను వదిలించుకోవాలని చూస్తున్నారేమోనని నొచ్చుకుంటారు. ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడు, ఎవరిదైనా పెద్ద కర్మకు వెళ్ళి వచ్చిన రోజు సాయంత్రం అడగడం మేలు. ఆ రోజు ఇంట్లో ఎలాగూ అవే మాటలు నడుస్తుంటాయి. “నాన్నా, వాళ్ళింట్లో అన్నదమ్ములు శవం దగ్గరే ఎంత గొడవ పడ్డారో చూశావుగా. మనింట్లో అలా జరగకూడదు. నీ మనసులో ఏముందో నాకు చెప్పు” అంటే చాలు. మొదటిసారి “అప్పుడు చూద్దాంలే” అంటారు. వదిలేయండి. కొన్నాళ్ళు పోయాక వాళ్ళే ఏదో ఒక మాట అంటారు, అక్కడి నుంచి అందుకోండి.

భార్యాభర్తలను విడివిడిగా అడగండి. పక్కన భర్త ఉంటే మన అమ్మలు “ఆయన ఎలా అంటే అలా” అని ఊరుకుంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు, వంటింట్లోనో పెరట్లోనో, అసలు మాట బయటికి వస్తుంది. గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం వంటివి తనకు జరగకూడదని ఒక ఇల్లాలు కోరుకుంటే ఆ మాట కూడా ముందే తెలియాలి. పదో రోజు పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టాక ఆమె నోరు తెరిచి వద్దని చెప్పలేదు. మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మే నెలలో గ్రామసభ పెట్టి, భర్త పోయిన స్త్రీకి చేసే ఈ తంతులన్నీ మానేయాలని తీర్మానం చేసింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలకూ అదే బాట చూపింది. మన ఊళ్ళలో గ్రామసభ తీర్మానం దాకా వెళ్ళకపోయినా, “మా అమ్మకు ఇవి చేయం, ఇది మా నాన్న మాట” అని చెప్పగలిగితే ఆ ఇంటి వరకు పని జరుగుతుంది.

ఏమేమి తెలుసుకోవాలి

అన్నిటికన్నా ముందు దహనమా, ఖననమా అన్నది. హిందువులంటే దహనమేనని పట్టణాల్లో అనుకుంటారు గానీ పల్లెల్లో అలా లేదు. పూడ్చే ఆనవాయితీ ఉన్న కులాలు చాలా ఉన్నాయి. లింగాయతులు, జంగాలు మనిషిని కూర్చోబెట్టి సమాధి చేస్తారు. దహనం చేసే ఇళ్ళలోనూ పసిబిడ్డలను పూడుస్తారు. తండాల్లో పెళ్ళికాని వారిని పూడ్చి, పెళ్ళైనవారిని కాల్చే అలవాటు ఉంది. ఒకే ఇంట్లో తాతను పూడ్చి, నాన్నను కాల్చిన సందర్భాలూ కనిపిస్తాయి. కాబట్టి “మన ఆచారం ఇదే కదా” అని ఊహించుకోకుండా నోరు తెరిచి అడగండి. భర్త సమాధి పక్కనే తనను పెట్టమని కోరే అమ్మమ్మలు ఉంటారు. “నన్ను మట్టిలో పెట్టవద్దు, కాల్చండి” అనేవాళ్ళూ ఉంటారు.

ఇంట్లో రెండు మతాలు ఉంటే ఈ ప్రశ్నను అస్సలు దాటవేయవద్దు. తల్లి చర్చికి వెళుతుంది, కొడుకులు గుడికి వెళతారు. మన పల్లెల్లో ఇది మామూలే. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బంది ఉండదు. పోయిన రోజు మాత్రం పాస్టరు ప్రార్థన చేయాలా, పంతులు మంత్రం చదవాలా అని శవం దగ్గరే తగాదా మొదలవుతుంది. ఆమె స్వయంగా చెప్పిన మాట ఉంటే రెండు పక్షాలూ తలవంచుతాయి.

తర్వాత, కార్యం ఎవరు చేయాలి? కొడుకులు లేని ఇళ్ళలో పాలివాళ్ళ అబ్బాయిని ముందుకు తెస్తారు. తలకొరివి పెట్టినవాడికి ఆస్తిలో వాటా వస్తుందనే నమ్మకం ఇంకా ఊళ్ళలో బలంగా ఉంది. అది నిజం కాదు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, తల్లి మొదటి వరుస వారసులు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది. కుండ ఎవరు మోశారన్నదానితో వీటికి సంబంధం లేదు. కూతురు కొరివి పెట్టకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. నాకు తెలిసినంతలో ఊరి పెద్దలు దీన్ని అడ్డుకునేది కూడా ముందుగా తెలియనప్పుడే. “నా కూతురే చేయాలి” అని ఆ తండ్రే నలుగురిలో ఒకసారి అని ఉంటే ఎవరూ ఎదురు చెప్పరు.

ఎంతసేపు ఆగాలన్నది మూడో సంగతి. విదేశాల్లో ఉన్న కొడుకు వచ్చేదాకా మూడు రోజులు ఫ్రీజర్ పెట్టెలో ఉంచమని కొందరు, పొద్దు గూకేలోపు కానివ్వమని కొందరు కోరుకుంటారు. ముస్లింలు ఆలస్యం చేయరు. గుసుల్ (చివరి స్నానం) చేయించి, కఫన్ (తెల్లబట్ట) చుట్టి, జనాజా నమాజు (చివరి ప్రార్థన) అయిన వెంటనే ఖననం చేస్తారు. దూరాన ఉన్న పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే చివరి చూపు దక్కలేదన్న బాధతో ఇంటివాళ్ళను ఏళ్ళ తరబడి నిందిస్తారు.

ఇక ఖర్చు. పాడె, కట్టెలు, కుండలు, గోయి తవ్వే కూలి, ఇవన్నీ కలిపినా దినాల భోజనాల ఖర్చులో చిన్న భాగమే. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అంటూ బంధువులకు వేటమాంసం, మద్యం పెట్టడానికి ఎకరం పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. తగ్గించుకుందామని పిల్లలకు ఉన్నా, “కన్నతండ్రికి ఆ మాత్రం చేయలేరా” అనే మాటకు భయపడతారు. ఇక్కడ పెద్దాయన సొంత మాట ఒక్కటే వాళ్ళను కాపాడుతుంది. “నా దినానికి అప్పు చేయవద్దు, మద్యం పోయవద్దు” అని ఆయనే రాయించి ఉంటే ఆ కాగితం చూపించి ఊళ్ళో తలెత్తుకు తిరగవచ్చు. ఈ కాగితం వల్ల కలిగే మేళ్ళలో నేను అన్నిటికన్నా పెద్దదిగా భావించేది ఇదే.

అస్థికలు ఎక్కడ కలపాలి, ఏ బట్ట కట్టాలి, డప్పు ఉండాలా, భజన ఉండాలా వంటివి వాళ్ళు చెబితే రాసుకోండి, చెప్పకపోతే వదిలేయండి. బాసర, ధర్మపురి, రాజమండ్రి, బీచుపల్లి, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళవచ్చు.

కాగితం మీద పెట్టండి

దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు, లాయరు అక్కరలేదు. తెల్లకాగితం మీద తేలిక మాటల్లో రాయండి. ఇలా ఉంటే చాలు:

“నేను ఫలానా, ఫలానా ఊరి నివాసిని, పూర్తి తెలివితో ఇది రాయిస్తున్నాను. నేను పోయాక నన్ను ఊరి శ్మశానంలో నా భర్త సమాధి పక్కన పూడ్చాలి. అక్కడ చోటు లేకపోతే దహనం చేసినా నాకు అభ్యంతరం లేదు. కార్యం నా పెద్ద కూతురు చేయాలి. చిన్నవాడు రావడానికి ఒక రోజు ఆగండి, అంతకు మించి వద్దు. నా కళ్ళు దానం చేయండి. పెద్ద కర్మకు ఇంటివాళ్ళకు, మోసినవాళ్ళకు, గోయి తవ్వినవాళ్ళకు భోజనం పెడితే చాలు. అప్పు చేయవద్దు.”

కింద తేదీ, సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. సాక్షుల్లో ఒకరు ఊళ్ళో మాట చెల్లే మనిషి అయితే మంచిది. “చోటు లేకపోతే” లాంటి రెండో దారిని తప్పకుండా రాయించండి. వానాకాలం వాగు దాటలేకపోవచ్చు, ఆ రోజుకు ఆ స్థలం ఉండకపోవచ్చు. రెండో దారి లేకపోతే కోరిక తీర్చలేకపోయామన్న బాధ పిల్లలకు మిగులుతుంది.

చాలామంది ఈ కోరికను వీలునామాలో రాస్తారు. దానివల్ల ఉపయోగం తక్కువ. వీలునామాను దినాలన్నీ అయ్యాక బయటికి తీస్తారు, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. ఈ కాగితంలో పొలం, బంగారం మాటలు కలపవద్దు. కలిపితే ఆస్తి తగాదా ఉన్నవాళ్ళు కాగితం మొత్తాన్నే కాదంటారు. ఇది కోర్టులో నిలబెట్టుకునే హక్కుపత్రం కాదు, ఇంటివాళ్ళనూ ఊరినీ ఒప్పించే మాట. అలా ఒప్పించాలంటే ఆ మాట ముందుగానే నలుగురికీ తెలిసి ఉండాలి. మూడు నకళ్ళు తీసి ఒకటి ఆధార్, పాస్‌బుక్కులు ఉండే సంచిలో, ఒకటి ఊళ్ళోనే ఉండే బంధువు దగ్గర, ఇంకొకటి దూరాన ఉన్న బిడ్డ దగ్గర ఉంచండి. వీలైతే వాళ్ళు మాట్లాడుతుండగా ఫోనులో వీడియో తీసి కుటుంబ సభ్యులందరికీ పంపండి. శవం దగ్గర వాదన లేచినప్పుడు ఆ గొంతు వినిపిస్తే చాలు.

స్థలం సంగతి ముందే తేల్చుకోండి

తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక చాలా పంచాయతీల్లో ఉపాధి హామీ నిధులతో వైకుంఠధామాలనే కొత్త శ్మశానవాటికలు కట్టారు. దహన వేదికలు, స్నానాల గదులు, కూర్చునే చోటు ఉంటాయి. మీ ఊరి దానికి ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి. నీళ్ళు వస్తున్నాయా, దారి వానలో నడిచేలా ఉందా, పూడ్చుకునే కులాలకు విడిగా చోటు వదిలారా అని చూడండి. చాలాచోట్ల దహన వేదికలు కట్టి, పూడ్చుకునేవారికి జాగా మరిచిపోయారు. ఇది పంచాయతీ సమావేశంలో అడగవలసిన విషయం. ఎవరూ పోకముందే అడగాలి.

ఊరి పాత శ్మశానం రెవెన్యూ రికార్డుల్లో ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణంలో ఉందో కనుక్కోండి. పక్క పొలాలవాళ్ళు ఏటా ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వస్తుంటే పదేళ్ళలో దారి కూడా మిగలదు. తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించండి. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వవచ్చు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఒక్కరు వెళ్ళడం కన్నా కులాలతో పనిలేకుండా పదిమంది సంతకాలు పెట్టి వెళితే ఫలితం వేరుగా ఉంటుంది.

సొంత పొలంలో సమాధి చేయాలని చాలామంది రైతులు కోరుకుంటారు. ఆ కోరికలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అయినా కొన్ని సంగతులు ఆలోచించాలి. పంచాయతీకి రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోండి. బావికి, బోరుకు దూరంగా, నీరు నిలవని మిట్ట చోటును ఎంచుకోండి. పంపకాల్లో ఆ చెక్క ఎవరికి వస్తుందో, రేపు అమ్మవలసి వస్తే సమాధి ఏమవుతుందో, దివసానికి వెళ్ళడానికి దారి ఉంటుందో లేదో పెద్దాయనతోనే మాట్లాడండి. ఇదంతా విన్నాక “అయితే ఊరి శ్మశానంలోనే పెట్టండి” అనేవాళ్ళు కొందరుంటారు. పొలమే కావాలంటే గట్టు వారన ఒక మూల ఎంచుకుంటే తర్వాతి తరానికి ఇబ్బంది తగ్గుతుంది.

క్రైస్తవ కుటుంబాలు ఈ పనిలో మరింత ముందుచూపుతో ఉండాలి. సమాధుల తోట ఉన్న ఊళ్ళు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఒక పాస్టరు 2025 జనవరిలో చనిపోతే ఊళ్ళో పూడ్చనివ్వలేదు. మృతదేహం 7వ తేదీ నుంచి మార్చురీలోనే ఉండిపోయింది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో క్రైస్తవులకు కేటాయించిన చోట ఖననం చేయమని ఆదేశించారు. తండ్రి శవం ఇరవై రోజులు చల్లటి గదిలో ఉండగా కోర్టు మెట్లెక్కిన ఆ కొడుకు స్థితిలోకి ఎవరూ వెళ్ళకూడదు. మీ సంఘానికి స్థలం కేటాయించమని పంచాయతీకి, తహసీల్దారుకు ఈ ఏడే అర్జీ పెట్టండి. నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ముస్లిం కుటుంబాలు కూడా ఊళ్ళో ఖబరస్తాన్ లేకపోతే ఏ ఊరి మసీదు కమిటీ అనుమతిస్తుందో ముందే మాట్లాడి ఉంచాలి.

కులం పేరు చెప్పి శ్మశానంలోకి గానీ, ఆ దారిలోకి గానీ రానివ్వకపోతే అది నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. దళితుల చేత బలవంతంగా శవాలు మోయించడం, గోతులు తవ్వించడం కూడా అదే చట్టం కింద నేరమే. గోయి తవ్వేవారు, డప్పు కొట్టేవారు మీ ఇంటికి చేసేది కష్టమైన పని. కూలి ముందే మాట్లాడుకోండి, పని అవగానే చేతిలో పెట్టండి, భోజనం పదిమందితో కలిపి పెట్టండి. రాకపోతే బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు.

కళ్ళు, దేహం ఇవ్వాలనుకుంటే

నేత్రదానానికి వయసు అడ్డు కాదు. కళ్ళద్దాలు వాడేవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, షుగరు, బీపీ ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు కళ్ళు తీయాలి. అందుకే దగ్గరలోని నేత్రనిధి నంబరును ఇప్పుడే కనుక్కుని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ముందుగా ప్రతిజ్ఞా పత్రం నింపకపోయినా దగ్గరి బంధువులు ఒప్పుకుంటే చాలు. ఫోను చేశాక రెప్పలు మూసి, తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచండి. బృందం ఇంటికే వస్తుంది, అరగంటలో పని అయిపోతుంది, ముఖం వికారంగా మారదు. కళ్ళు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారనే మాట ఊళ్ళో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ క్షణంలో పెద్దావిడ రాయించిన కాగితమే మీ జవాబు.

మొత్తం దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలంటే బతికి ఉండగానే ఆ కళాశాల శరీర నిర్మాణ విభాగంలో పత్రం నింపి ఉంచడం మంచిది. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, అంటురోగంతో పోయినవారిని తీసుకోరు. ఒకసారి ఇచ్చాక దేహం తిరిగి రాదు, అస్థికలు ఉండవు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి. ఆ రోజు ఒక్క కొడుకు కాదన్నా కార్యం ఆగిపోతుంది.

ఆ రోజు వచ్చినప్పుడు

మొదటి గంటలో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కళ్ళు మూయండి. గడ్డం కింది నుంచి నడినెత్తి మీదుగా మెత్తటి గుడ్డతో దవడను కట్టండి. కాళ్ళూ చేతులూ సరిచేసి, కాలి బొటనవేళ్ళను కలిపి కట్టండి. రెండు మూడు గంటలు గడిస్తే శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది, అప్పుడు బలవంతంగా వంచవలసి వస్తుంది. అది చూడటం ఇంటివాళ్ళకు నరకం. వేళ్ళు వాచకముందే ఉంగరాలు, మెట్టెలు తీసి ఇద్దరి ఎదుట ఒకరికి అప్పగించండి. ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తే కరెంటు పోయినప్పుడు ఏమిటన్నది అడగండి, జనరేటరు దొరికే చోటు తెలుసుకుని ఉంచండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు డాక్టరును పిలిపించి తీయించాలి. మంటలో అది పేలుతుంది.

దహనానికి నాలుగైదు క్వింటాళ్ళ ఎండు కట్టె అవసరమవుతుంది. తుమ్మ, మామిడి, వేప, ఏదైనా సరే, పచ్చిది పనికిరాదు. వానాకాలంలో తడి కట్టె మండక, డీజిలు పోసి, పాత టైర్లు వేసి కాలుస్తారు. డీజిలు, పెట్రోలు పోసేటప్పుడు మంట ఎగసి కొరివి పెట్టేవారికి ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది. ఊళ్ళో అయిదారు కుటుంబాలు కలిసి రేకుల కింద ఎండు కట్టె, పిడకలు నిల్వ ఉంచుకుంటే ఈ దుస్థితి రాదు.

ఎవరికి ఏ పని అన్నది మీరే పంచండి. దహనానికి లేదా గోతికి ఒకరు, బంధువులకు ఫోన్లు చేయడానికి ఒకరు, డబ్బులు చెల్లించి చీటీ రాయడానికి ఒకరు. పోయినవారి కాగితాన్ని చదివి వినిపించడానికి మాత్రం దుఃఖంలో కూడా గొంతు నిలుపుకోగల మనిషిని పెట్టండి. పాడె కట్టడం మొదలుకాకముందే చదవాలి. దింపుడు కళ్ళం దాకా వెళ్ళాక చదివితే లాభం లేదు.

మామూలు చావు కాకపోతే ఆగండి

పాము కాటు, పిడుగు, మోటారు దగ్గర కరెంటు షాకు, ట్రాక్టరు బోల్తా, బావిలో పడటం, పురుగుమందు. వీటిలో ఏదైనా అయితే దహనం, ఖననం చేయకముందే పోలీసులకు తెలియజేయాలి. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షను కింద వారు శవ పంచనామా జరిపి పోస్టుమార్టానికి పంపుతారు. “ఎందుకు కోయించడం, ఊరికే బాధ” అని తొందరపడి కాల్చేసిన కుటుంబాలు తర్వాత ప్రమాద బీమాకు ఆధారం లేక నష్టపోతాయి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. సాధారణంగా ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. ఆ కాగితాలు తర్వాత పుట్టించలేం. పాము కాటేసిన శవాన్ని మంత్రగాడి కోసం రోజంతా ఉంచడం కూడా మానాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో మరణిస్తే శవాన్ని ఇంటికి చేర్చడానికి ఉచిత వాహనాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం అని, తెలంగాణలో పరమపద వాహనం అని అడగండి. బయట బేరమాడే ప్రైవేటు బండి ఎక్కించేముందు ఈ ఒక్క మాట అడిగితే పేద కుటుంబానికి వేలల్లో మిగులుతుంది.

గల్ఫ్ దేశంలో పోయినవారి దేహం రావడానికి వారాలు పట్టవచ్చు. అక్కడి మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయ అనుమతి, దేహాన్ని పాడవకుండా శుద్ధి చేసినట్టు పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. ఇంటి నుంచి భార్య లేదా తల్లిదండ్రులు సమ్మతి పత్రం పంపాలి. సౌదీలో దహనానికి అనుమతి లేదు. అక్కడే కార్యం చేయాలంటే ఖననం ఒక్కటే దారి. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్ళలో గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందే ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో చెప్పి వెళ్ళడం మంచిది.

మరణం నమోదు చేయించండి

దినాల హడావిడిలో మరిచిపోయేది ఇదే. మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో చేస్తారు. ఆ తర్వాత ఏడాది వరకు పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఊళ్ళో పోతే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. పట్నం ఆసుపత్రిలో పోతే ఆ పట్నం పురపాలక సంఘంలోనే నమోదవుతుంది, సొంత ఊళ్ళో కాదు. దీనికోసం ఊరి కార్యదర్శి చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

పత్రంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే, పట్టాదారు పాస్‌బుక్కులో ఉన్నట్టే పడాలి. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం తేడా ఉందా అని అచ్చు కాకముందే చూడండి. రెండు కాగితాల్లో పేరు రెండు రకాలుగా ఉంటే ఆ సంగతి కార్యదర్శికి అప్పుడే చెప్పండి. పొలం పౌతి (వారసుల పేరు మీదికి మార్పు) చేయించుకోవడానికి, బ్యాంకు ఖాతాకు, వితంతు పింఛనుకు, బీమాకు ఒక్కోచోట ఒక్కో అసలు ప్రతి అడుగుతారు కాబట్టి నాలుగైదు ప్రతులు తీసుకోండి. తెలంగాణలో రైతు బీమా ఉన్న 59 ఏళ్ళ లోపు రైతు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి, వ్యవసాయ విస్తరణాధికారికి కబురు చేయాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ళ మధ్య సంపాదించే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20 వేల రూపాయలు ఇస్తారు, దానికి తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 436 రూపాయలు కోసుకుంటున్నారేమో పాస్‌బుక్కులో చూడండి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, ఉంటే 2 లక్షలు వస్తాయి. పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకు పెద్ద కర్మ అయిన వారంలోనే వెళ్ళండి.